చింతపులుసు, ఎముకల జబ్బు

సికిందరాబాదు నుండి కాజీపేటకు పోవు రైలుమార్గములో ఆలేరు తగులును. 2016 వరకు ఈ ఊరు నల్లగొండ జిల్లాలో ఉండెను. అటుపిమ్మట యాదాద్రి భువనగిరి జిల్లాలో చేరినది. ఈ ప్రాంతపు ఇండ్లలో వేసవి వచ్చినదనగా పచ్చిపులుసు తప్పదు. చింతపండు నానబెట్టి పిసికి, ఆ రసములో ఉల్లిపాయలు, మిరపకాయలు, ఉప్పు కలుపుదురు, మరగించు పనిలేదు. కేవలము రుచికొరకు మనము తినుచున్నామనుకొనెడి ఈ పులుపునకు, నల్లగొండ మెట్టలను తరతరములుగా పీడించిన ఒక జబ్బుతో సంబంధము కలదు.

ఆ జబ్బు పేరు ఫ్లోరోసిస్. ఇచటి నేల అడుగున నున్నది గ్రానైటు రాయి. దానిలోని కొన్ని ఖనిజములనుండి ఫ్లోరైడు కొద్దికొద్దిగా భూగర్భజలములో కరగును. లీటరు త్రాగునీటిలో ఇది 1 మిల్లీగ్రామును మించరాదని మన దేశపు ప్రమాణము. వేరు నీరు దొరకనిచో 1.5 మిల్లీగ్రాముల వరకు ఓర్చుకొనవచ్చును. అంతకు మించిన నీటిని ఏండ్ల తరబడి త్రాగినవారికి మొదట పండ్లపై గోధుమరంగు చారలు పడును. పిదప ఎముకలు, కీళ్ళు బిగిసిపోవును, వెన్ను వంగును. మన దేశములో ఈ జబ్బును గురించి 1937లో మొదట వ్రాసిన వైద్యులు దానిని చూచినది తెలుగునాటనే, నాటి నెల్లూరు జిల్లా పల్లెలలో.

ఫ్లోరైడునకు కాల్షియముపై మక్కువ ఎక్కువ. కాబట్టియే అది ఎముకలలోనికి చేరి తిష్ఠవేయును. రక్తములో మిగిలినదానిని మూత్రపిండములు వడపోసి బయటికి పంపవలెను. చింతపండు తోడ్పడునది ఇచటనే.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవారు ఈ సంగతిని ముందు కుక్కలలోను, తరువాత మనుష్యులలోను పరీక్షించిరి. 2002లో ప్రకటించిన పరిశోధనలో ఆరోగ్యవంతులైన బాలురకు దినమునకు 10 గ్రాముల చొప్పున 18 దినములు మధ్యాహ్న భోజనముతో చింతపండు ఇచ్చిరి. పది గ్రాములనగా చిన్న ఉసిరికాయంత. చింతపండు లేనపుడు వారి మూత్రములో దినమునకు 3.5 మిల్లీగ్రాముల ఫ్లోరైడు పోవుచుండగా, తినినపుడు 4.8 మిల్లీగ్రాములు పోయెను. మందు కాదు, మాత్ర కాదు, రోజూ కూటిలో కలియు వస్తువు!

దీనికి కారణమేమి? చింతపండు పులుపునకు మూలము టార్టారిక్ ఆమ్లము. పులుపనగానే విటమిను సి అని తలంచువారు పెక్కుమంది; కాని చింతగుజ్జులో ఆ విటమిను అత్యల్పము. కాయ పండినకొలది చక్కెర పెరుగునే గాని ఈ ఆమ్లము విరిగిపోదు. అందుచేతనే పండిన చింతపండు కూడ పుల్లగనే యుండును. నాలుకకు ఆమ్లమైనను, దీని లవణములు శరీరములో మార్పుచెందిన పిమ్మట మిగులునది క్షారగుణము. ఇది వింతగా తోచినను రసాయనశాస్త్రమునకు కొత్త కాదు. మూత్రము ఆమ్లగుణము కలదైనచో ఫ్లోరైడు హైడ్రోజనుతో కలిసి, మూత్రనాళికల గోడలగుండ తిరిగి రక్తములోనికి జారును. ఆ ఆమ్లగుణము తగ్గినచో ఫ్లోరైడు విడిగా నిలిచి మూత్రముతో పోవును.

అయితే పులుసు త్రాగి చెడునీరు త్రాగవచ్చునని ఎవరైనను అనుకొన్నచో అది పొరపాటు. ఒకసారి వంగిన ఎముకను చింతపండు సరిచేయజాలదు. నీరే ముందు మారవలెను. 1970 తరువాత, పటిక, సున్నము కలిపి నీటిలోని ఫ్లోరైడును తేర్చు పద్ధతిని నాగపూరు పరిశోధకులు రూపొందించిరి. ప్రపంచమంతట దానికి నల్లగొండ పద్ధతి అనియే పేరు. జిల్లాకు ఈ కీర్తి ఎట్లు వచ్చెనో తలంచినచో గర్వించుటకు మనసొప్పదు. 2016లో ఆరంభమైన మిషన్ భగీరథ నదీజలములను ఇంటింటికి తెచ్చుటకు పూనుకొన్నది.

నీరు మారిన పిదప చింతపండుతో పనిలేదా? అదే సంస్థవారు ఫ్లోరోసిస్ ప్రాంతములోని బాలురకు శుద్ధిచేసిన నీటితోబాటు చింతపండు కూడ ఇచ్చి చూచిరి. మంచినీటి వలన కలిగిన మేలునకు చింతపండు మరికొంత జోడించినదని 2004లో ప్రకటించిరి. ఎముకలలో ముందే చేరిన ఫ్లోరైడు మెల్లగా రక్తములోనికి దిగుచునే యుండును గదా; దానిని సాగనంపుటకు పులుసు గిన్నె అప్పటికిని పనికివచ్చును.