‘కొడతాడు’: మానసిక వైద్యపరీక్షలో ఒక క్రియారూపం

మానసిక వైద్యపరీక్షకు రోగిని తీసుకువచ్చిన బంధువులు ‘కొడతాడండీ’, ‘మీదికొస్తాడండీ’, ‘ఇల్లు పీకి పందిరేస్తున్నాడు’ వంటి మాటలతో అతని ప్రవర్తనను వివరిస్తారు. ఆంగ్లంలో రాసే కేసు షీటులో ఈ మూడూ ‘వయొలెంట్’ అనే ఒక్క విశేషణంగా కుదించుకుపోయే ప్రమాదం ఉంది.

‘కొడతాడు’ అనే రూపం తద్ధర్మార్థంలోనూ భవిష్యదర్థంలోనూ చెల్లుతుంది. కొట్టే అలవాటు ఉన్నదని చెప్పినా, కొడతాడేమోనన్న భయాన్ని చెప్పినా రూపం ఒకటే. ‘మీదికొస్తాడు’ అన్నప్పుడు దెబ్బ తగిలిందన్న అర్థం లేదు. ‘పీకి పందిరేయడం’ జాతీయం. అందులో ఎవరికీ గాయం కానక్కరలేదు. దీనికి విరుద్ధంగా ‘చేయి చేసుకున్నాడు’ అనే పలుకుబడి తీవ్రమైన దెబ్బలను సైతం మృదువుగా కప్పిపుచ్చగలదు. పరువుకు జంకే కుటుంబాలకు అది అనువైన మాట.

ఈ భేదం కేవలం వ్యాకరణ విషయం కాదు. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017లోని 89వ సెక్షన్ ప్రకారం రోగిని మద్దతుతో కూడిన చేరిక కింద 30 రోజుల వరకు ఆసుపత్రిలో ఉంచవచ్చు. అందుకు ఇద్దరు నిపుణులు, వారిలో ఒకరు సైకియాట్రిస్టు, విడివిడిగా పరీక్షించాలి. వారు చూడవలసిన అంశాలలో ఇతరుల పట్ల హింస ఒకటి. అక్కడ చట్టం ‘ఇటీవల’ జరిగినదాన్నీ, ఇప్పుడు జరుగుతున్నదాన్నీ అడుగుతుంది. హింసాత్మక ప్రవర్తననూ, ఎదుటివారిలో దేహహాని భయం కలిగించడాన్నీ వేరువేరుగా పేర్కొంటుంది. కాలం తెలియని ‘కొడతాడు’ ఈ ప్రశ్నకు జవాబు కాజాలదు. ‘చివరిసారి ఎప్పుడు కొట్టాడు, ఎవరిని, అంతకుముందు ఏం జరిగింది?’ అని అడిగితే తప్ప అలవాటూ భయమూ విడివడవు.

రోగిని ప్రశ్నించే తీరు కూడా పరిశీలించదగినదే. ‘మీ నాన్నగారిని ఎందుకు కొట్టారు?’ అన్న ప్రశ్న కొట్టడాన్ని ముందే నిజంగా స్వీకరిస్తుంది. ‘కొట్టారట కదా, ఏం జరిగింది?’ అన్నప్పుడు ‘అట’ ఆ మాటను చెప్పినవారికే వదిలి, రోగి కథనానికి చోటిస్తుంది. ఒక్క అక్షరం చేసే పని అది. అయితే ఆంగ్లంలో రాసేటప్పుడు తొలుత జారిపోయేదీ ఆ ‘అట’యే. ‘బంధువుల కథనం ప్రకారం’ అన్న మాట చేర్చకపోతే విన్నది చూసినదిగా మారుతుంది. తరువాత రోగిని చూసే వైద్యుడు దానినే పూర్వచరిత్రగా చదువుతాడు.