శాసనసభ్యుని పదవికి హద్దు ఎవరు?

మన రాజ్యాంగము 172వ అధికరణము ప్రకారము శాసనసభ గడువు 5 సంవత్సరములు. కాని ఒకే వ్యక్తి ఎన్ని పర్యాయములైనను ఎన్నిక కావచ్చును. సిద్దిపేట నియోజకవర్గమున 1985 మొదలు 2023 వరకు, ఉపఎన్నికలతో సహా, శ్రీ కె. చంద్రశేఖరరావు, శ్రీ టి. హరీశ్‌రావు ఇరువురే గెలుపొందిరి.

అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున ప్రజలు 1990లో ఓటు వేసి శాసనసభ్యుల పదవీకాలమునకు పరిమితి విధించిరి. 2012లో దానిని మొత్తము 12 సంవత్సరములుగా మార్చిరి. ఇందువలన క్రొత్తవారికి తావు లభించును. కాని పని నేర్చిన సభ్యుడు తొలగగా సభకు అనుభవము కొరవడును.

మన పంచాయతీలలో ఇట్టి పరిమితి లేకున్నను, రిజర్వేషను మారినప్పుడు సర్పంచి స్థానము వదలుకొనవలసి వచ్చుట మనమెరిగినదే. కనుక లెక్కలు, తీర్మానములు సక్రమముగా వ్రాయించి, తరువాతివారికి పని అప్పగింపవలెను. శాసనసభ్యునికి మాత్రము ఓటరే హద్దు. పని చూచి ఓటు వేయుట మన విధి.