బడిలో నూఱు గింజల పాఠము

పిల్లవానిని బడికి పంపుట చదువు నేర్చుటకే గాని పని చేయుటకు గాదని మన రైతులలో పెక్కురు చెప్పుచుందురు. ఆ మాటను మేము త్రోసివేయము. ఇంటివద్ద చేయు పనినే బడిలోను చేయించినచో పిల్లవానికి కలుగు లాభమేమి? అయినను చేతితో చేసి నేర్చుకొనుట వేఱు, ఊరక పని చేయుట వేఱు. ఈ భేదము మఱచుటవలన పూర్వ మొక మంచి ప్రయత్నము కుంటువడినది.

1937 అక్టోబరు 22, 23 తేదీలలో వార్ధాలో గాంధీమహాత్ముని అధ్యక్షతను సమావేశమైన విద్యాసభ, మాతృభాషలో ఏడేండ్ల ఉచిత నిర్బంధవిద్య యుండవలెననియు, అది యొక చేతిపనిని ఆశ్రయించి సాగవలెననియు తీర్మానించినది. డాక్టరు జాకీర్ హుస్సేన్‌గారి సంఘము పాఠ్యక్రమమును కూర్చినది. తకిలి పట్టిన బాలుడు ఎంత నూలు వడికెనో, ఎంత దూది వ్యర్థమాయెనో లెక్కించి వ్రాయవలెను. ఆ లెక్కయే పాఠము. కాని ఈ పనివలన వచ్చు రాబడి క్రమముగా ఉపాధ్యాయుల జీతమునకు సరిపోవునని కూడ ఆ సభ ఆశించినది. దీనిని ఆనాడే కొందఱు ఆక్షేపించిరి. పలుచోట్ల తకిలి నిలిచినది, లెక్క జాఱినది. పట్టణపు పిల్లలకు పుస్తకములు, మా పిల్లలకు తకిలియా యని తల్లిదండ్రు లడిగిరి. ఆ ప్రశ్న న్యాయమైనదే.

2009 నాటి విద్యాహక్కు చట్టము కృత్యములద్వారా, అన్వేషణద్వారా బోధింపవలెనని 29వ సెక్షనులో విధించినది. అందులకు విలువగల సామగ్రి అక్కఱలేదు. మన గాదెలోని నూఱు వడ్లగింజలు చాలును.

గింజలను ఏఱకుండ తీయవలెను. పిల్లలు బలిసినవానినే ఏఱజూతురు. సంచిలోని సన్నగింజలును మడిలో పడునవే గదా! వానిని తడిగుడ్డపై వరుసకు పది చొప్పున పది వరుసలు పేర్చి, చుట్టి, తడి యాఱకుండ నీడ నుంచవలెను. ఒకటవ తరగతి పిల్లలకు పదులు లెక్కించుట ఇచ్చటనే వచ్చును. అయిదవ దినమున నొకసారి, పదునాలుగవ దినమున మఱియొకసారి మొలకల నెంచుట విత్తన పరీక్షాలయముల పద్ధతి. వేరు, మొలక రెండును చక్కగా నున్నవానినే లెక్కింపవలెను. ధ్రువీకృత వరి విత్తనమునకు నూటికి 80 మొలచుట కనిష్ఠ ప్రమాణము. 64 మాత్రమే మొలచిన వనుకొందము. 80 మొలచునప్పుడు 20 కిలోలు చాలుచోట ఇప్పు డెంత కావలెను? అయిదవ తరగతి బాలిక 25 అని చెప్పగలిగినచో త్రైరాశికము ఆమెకు వచ్చినట్లే. అది నేర్చుట కామె గింజలు పేర్చినదే గాని కలుపు తీయలేదు.

ఒకటి రెండు జాగ్రత్తలు. మందు పట్టించిన రంగు విత్తనములను పిల్లల చేతికి ఎంతమాత్రము ఈయరాదు. క్రొత్తగా కోసిన ధాన్యము మంచిదైనను కొన్నాళ్లు మొలవకపోవచ్చును. అది చెడ్డదని తొందరపడరాదు.

నేల కొలతయు నిట్టిదే. ముప్పదిమూడు అడుగుల త్రాటితో బడిముంగిట చదరము గీసి నాలుగు మూలల మేకులు పాతినచో, అది 121 చదరపు గజములు, అనగా ఒక గుంట. నలుబది గుంటలు ఎకరము. సెంట్లలో లెక్కించు సీమలలో సెంటు 48.4 చదరపు గజములు. దస్తావేజులోని అంకెను కాలితో నడచి చూచిన పిల్లవాడు రేపు సరిహద్దు తగవులో మోసపోడు.

సంఘములు చేయవలసినది స్వల్పము. విత్తనపు బస్తాలు వచ్చినప్పుడు, మందు పట్టింపనివైనచో, ప్రతి రకమునుండి నూఱేసి గింజలు బడికి పంపి, పిల్లలు వ్రాసిన లెక్కను సభ్యుల సమావేశమున చదివింపవలెను. నారు పోయుటకు మూడు వారములు ముందే అవి బడికి చేరవలెను. ఆలస్యమైనచో లెక్క వచ్చునాటికి విత్తనము మడిలో నుండును.