కార్గిల్ అంటే ఒక్క బిట్టేనా?

దిల్‌సుఖ్‌నగర్‌లో గ్రూప్స్‌కు ప్రిపేరయ్యే పిల్లలకు నేను జాగ్రఫీ చెబుతాను. కార్గిల్ అనగానే క్లాసంతా ‘‘ఆపరేషన్ విజయ్, 1999 జూలై 26’’ అని ఒక్క గొంతుతో అంటుంది. మొన్న సూర్యాపేట కుర్రాడొకడు లేచి, ‘‘సార్, మా కల్నల్ సంతోష్‌బాబు గారు అమరుడైన గల్వాన్ కూడా కార్గిల్‌లోనేనా?’’ అని అడిగాడు. కాదు నాయనా, గల్వాన్ లేహ్ వైపు. అక్కడ ఎదురుగా ఉన్నది చైనా. కార్గిల్‌కు అవతల పాకిస్తాన్ ఆధీనంలోని బాల్టిస్తాన్. ఆ కల్నల్ సొంతూరి పిల్లాడికే ఈ తేడా తెలియలేదంటే తప్పు వాడిది కాదు. ఒక జిల్లా మొత్తం ఒక బిట్టులో పట్టదు.

బోర్డు మీద ముందు రోడ్డు గీస్తాను. శ్రీనగర్ నుంచి లేహ్‌కు పోయే దారి జోజిలా కనుమ దాటి ద్రాస్, కార్గిల్ మీదుగా వెళ్తుంది. ద్రాస్ దగ్గర ఆ దారికి పైన తోలోలింగ్, ఇంకాస్త వెనక టైగర్ హిల్. ఆ శిఖరాలెక్కి కూర్చున్నవాడికి కింద పోయే లారీలన్నీ కనబడతాయి. అప్పట్లో చలికాలంలో భారత్, పాక్ సైన్యాలు రెండూ పై పోస్టులు ఖాళీ చేసి దిగడం రివాజుగా ఉండేది. 1999లో పాక్ సైనికులు ఆ సందు చూసుకునే చొరబడ్డారు. వాళ్లను దించడానికి మన సైనికులు 527 మంది ప్రాణాలిచ్చారు. వారిలో మన హైదరాబాద్ మేజర్ పద్మపాణి ఆచార్య ఒకరు. 2 రాజ్‌పుతానా రైఫిల్స్ అధికారి. తోలోలింగ్ ప్రాంతంలో జూన్ 28న నేలకొరిగారు. మరణానంతరం మహావీర్ చక్ర ఇచ్చారు.

ఇదంతా రెండు నెలల కథ. కార్గిల్ జిల్లా ఏర్పడింది మాత్రం 1979లోనే. 2011 లెక్కల ప్రకారం జనాభా లక్షా 40 వేలు; ఎక్కువమంది షియా ముస్లింలు, జాంస్కార్ వైపు బౌద్ధులు. సూరు నది ఒడ్డున బార్లీ పొలాలు, ఆప్రికాట్ తోటలు. మన విందుల్లో వడ్డించే ఖుబానీ కా మీఠాకు కావలసింది ఆ పండే.

కార్గిల్ పట్టణానికి దగ్గర్లోనే హుందర్మాన్ అనే ఊరు ఉంది. 1971 యుద్ధం దాకా ఆ ఊరు పాకిస్తాన్ చేతిలో ఉండేది. జెండా మారింది, చుట్టాలు చాలామంది నియంత్రణ రేఖకు అవతలే ఉండిపోయారు. కొండవాలున ఒకదానిమీదొకటి పేర్చినట్టున్న పాత రాతి ఇళ్లలో ఒకదాన్ని మ్యూజియం చేశారు. తల వంచితే గానీ గదిలోకి వెళ్లలేం. లోపల వంటపాత్రలు, ఫిరంగి గుండ్ల ముక్కలు, అటునుంచి వచ్చిన ఉత్తరాలు. అక్కడికి వెళ్లినప్పుడు నేను ఎక్కువసేపు నిలబడ్డది ఆ ఉత్తరాల దగ్గరే.

మంచు పడితే జోజిలా మూసేస్తారు. జిల్లాకు శ్రీనగర్ దారి తెగిపోతుంది. ఆ కనుమ కింద 13 కిలోమీటర్లకు పైగా సొరంగం తవ్వే పని హైదరాబాద్ కంపెనీ మేఘా ఇంజనీరింగ్‌దే. 2020 అక్టోబరులో మొదలైంది. అది పూర్తయితే ఏడాది పొడవునా రాకపోకలు సాగుతాయి.

లద్దాఖ్ వెళ్లేవాళ్లకు ఒక మాట. ద్రాస్‌లోని యుద్ధ స్మారకం దగ్గర ఫొటో దిగి నేరుగా లేహ్‌కు పరుగెత్తకండి. ఒక రాత్రి కార్గిల్‌లో ఆగండి, హుందర్మాన్ చూడండి, అక్కడి మనుషులతో మాట్లాడండి.