టికెట్లు తనిఖీ చేసిన చేతులు

2001వ సంవత్సరం. ప్రపంచంలోకెల్లా పొడవైన ప్లాట్‌ఫారం గల స్టేషనుగా ఆనాడు పేరొందిన ఖరగ్‌పూర్‌లో ఇరవై యేళ్ల యువకుడొకడు టికెట్లు తనిఖీ చేసే ఉద్యోగంలో చేరాడు. పేరు మహేంద్రసింగ్ ధోనీ.

రాంచీ పాఠశాలలో అతడు ఫుట్‌బాల్ గోల్‌కీపరు. క్రికెట్ జట్టుకు వికెట్‌కీపరు కొరవడగా, శిక్షకుడు కేశవ్ రంజన్ బెనర్జీ అతనిని ఆ స్థానంలో నిలిపాడు. 1999-2000లో బీహారు తరఫున రంజీ పోటీలలో ఆడినా జాతీయ జట్టు నుండి పిలుపు రాలేదు.

క్రీడాకారుల కోటాలో లభించిన రైల్వే ఉద్యోగం బ్రతుకుకు భరోసా. తెలుగు కుటుంబాలెన్నో ఆ భరోసాతోనే తరతరాలుగా ఆ పట్టణంలో స్థిరపడ్డాయి. కాని ఉద్యోగానికీ మైదానానికీ నడుమ ధోనీ వయస్సు కరిగిపోతున్నది. 2003లో అతడు ఖరగ్‌పూర్ విడిచాడు.

2004 డిసెంబరు 23న చిట్టగాంగ్‌లో, భారత జట్టుకు ఆడిన తొలి పోటీలోనే, పరుగేమీ చేయకుండా రనౌటయ్యాడు. అయిదవ పోటీ 2005 ఏప్రిల్ 5న విశాఖపట్నంలో. హౌరా నుండి ఖరగ్‌పూర్ మీదుగా మద్రాసుకు సాగే రైలుమార్గంలోని ఆ నగరంలో, పాకిస్తాన్‌పై 123 బంతుల్లో 148 పరుగులు!

2011 ఏప్రిల్ 2న ముంబయిలో అతని సిక్సరుతోనే భారతదేశం ప్రపంచకప్పు గెలుచుకున్నది. ఒకనాడు అతనికి టికెట్టు చూపిన ప్రయాణికులలో ఎందరికి ఆ ముఖం గుర్తుకు వచ్చిందో!