మీకు తెలుసా? పాలపన్ను ఊడకుండానే వచ్చే శాశ్వత దంతం

ఆరేళ్ల ప్రాయంలో పిల్లలకు వచ్చే మొదటి శాశ్వత దవడపళ్లు నాలుగూ ఏ పాలపన్నూ ఊడకుండానే మొలుస్తాయి. 20 పాలపళ్ల వరసకు వెనకాల, చిగురు చివర, చడీచప్పుడు లేకుండా లేస్తాయి. ముందుపన్ను ఊడితే ఇల్లంతా సందడే గానీ వీటి రాక ఎవరి కంటా పడదు. పడినా, పాలపన్నే, ఎలాగూ ఊడుతుందిలే అనుకుంటారు. చిక్కంతా అక్కడే. సగం లేచిన ఆ పన్ను పక్కపళ్ల కంటే కిందికి ఉంటుంది కాబట్టి అడ్డంగా లాగే బ్రష్ దాన్ని తాకకుండానే దాటిపోతుంది. దాని మీది సన్నని గాడుల్లో ఇరుక్కున్న బిస్కెట్ ముద్ద అలాగే ఉండిపోతుంది.

పోనీ నిజంగా పాలపన్నే అయితే పుచ్చినా నష్టమేముంది అనొచ్చు. కానీ పాల దవడపళ్లు 10-12 ఏళ్ల దాకా నోట్లో ఉండి, కింద తయారవుతున్న పన్నుకు చోటు కాపాడతాయి. వాటిని ముందే పీకించాల్సి వస్తే, ఈ ఆరేళ్ల పన్నే ముందుకు జరిగి ఆ చోటును ఆక్రమిస్తుంది. గాడులను మూసేసే సీలెంట్ పూత దంతవైద్యుల దగ్గర ఉంది, పన్ను వచ్చిందని కనిపెట్టిన వాళ్లకే అది అక్కరకొస్తుంది. నోరు తెరిపించి, ముందుపళ్ల మధ్యనుంచి ఒక పక్కకు లెక్కపెట్టండి. ఆరోది అదే.