హోటల్ కూపన్ లాభమా, నష్టమా?

దసరాకు సింగరేణి లాభాల వాటా చేతికి రాగానే గోదావరిఖనిలో చాలా కుటుంబాలు పిల్లలతో హోటల్‌కు వెళతాయి. అందులో తప్పేమీ లేదు. అయితే డిస్కౌంట్ కూపన్‌తో నిజంగా డబ్బు మిగులుతుందా? లెక్క వేసి చూద్దాం.

1000 రూపాయల బిల్లు చేస్తేనే 20 శాతం తగ్గింపు అనుకుందాం. నలుగురి ఆకలికి 720 రూపాయల భోజనం చాలు. కూపన్ కోసం మరో 280 రూపాయల తిండి తెప్పిస్తాం. తగ్గింపు పోను 800, జి.ఎస్.టి. 5 శాతంతో 840. కూపన్ వాడకపోతే 756 మాత్రమే. అంటే 84 రూపాయలు ఎక్కువిచ్చి, అక్కరలేని తిండి తిన్నామన్నమాట.

శరీరానికి జరిగే నష్టం ఇంకా పెద్దది. మిగిలితే వృథా అవుతుందని కడుపు నిండాక కూడా తింటాం. రోజుకు ఉప్పు 5 గ్రాముల లోపే ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. బిర్యానీ, వేపుళ్లు, కూల్‌డ్రింకులతో ఉప్పు, నూనె, చక్కెర మూడూ పెరుగుతాయి. బి.పి., షుగరు ఉన్నవారికి ఇది మరీ చేటు.

కాబట్టి మేము చెప్పేదేమంటే:

1. ఏం తినాలో ముందు అనుకోండి. కూపన్ తర్వాత చూడండి.

2. కనీస బిల్లు ఎంత, గడువు ఎప్పటివరకు అని ఆర్డరు ఇవ్వక ముందే అడగండి.

3. “ఒకటి కొంటే ఒకటి ఉచితం” అయితే పంచుకుని తినండి. మిగిలింది పార్సిల్ కట్టించి, 2 గంటల్లోగా ఫ్రిజ్‌లో పెట్టండి.

4. సర్వీస్ చార్జీ తప్పనిసరి కాదని 2022లో కేంద్రం మార్గదర్శకాలు ఇచ్చింది. బిల్లులో ఉంటే తీసేయమనండి.

ఎలాగూ తినాలనుకున్న భోజనానికి కూపన్ వాడితే లాభమే. కూపన్ ఉంది కదా అని తింటే మాత్రం నష్టమే.